తిరుపతిలో ముసాయిదా, బంగారుపాళెంలో పాఠం

ప్రజలను సంఘటితం చేసే పనిని విశ్వవిద్యాలయ కోర్సుగా ఎలా బోధించాలో ఇక్కడి అధ్యాపకులూ విదేశీ అధ్యాపకులూ కలిసి ముసాయిదా రాసుకొనే సమావేశం కోసం, తోతాపురి కాయ కోతకొచ్చే రోజుల్లో నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి చేరుకున్నాను. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వెలసిన ఈ ఊరికి కొండ మీది దేవుడి కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. చదువు పని మీద వచ్చానంటే ఆటో డ్రైవరు నమ్మలేదు.

మొదటి పూట చర్చంతా చరిత్రతోనే గడిచింది. 1939లో షికాగోలో మాంసం కర్మాగారాల పక్క బస్తీలో చర్చిలనూ కార్మిక సంఘాలనూ ప్రజలను సంఘటితం చేయడంలో పేరుపొందిన అమెరికన్ సాల్ అలిన్‌స్కీ ఒక్కతాటి మీదికి తెచ్చిన తీరును అతిథులు వివరించారు. నాకు మాత్రం 1936 గుర్తుకొచ్చింది. బొంబాయిలో టాటాల ధర్మనిధితో మొదలైన సాంఘిక సేవా విద్యాలయానికి తొలి సంచాలకుడు అమెరికా నుంచి వచ్చిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్; అంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు మనకు కొత్తవి కావు. అయితే కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన బడ్ హాల్, ఢిల్లీలోని ప్రియా సంస్థ స్థాపకుడు రాజేష్ టాండన్ ఇద్దరూ ఉమ్మడిగా నడిపేలా 2012లో ప్రజలతో కలిసి చేసే పరిశోధన కోసం ఏర్పడిన యునెస్కో పీఠమే (యునెస్కో గుర్తింపుతో నడిచే అధ్యయన విభాగం) నా దృష్టిలో మేలైన నమూనా, ఎందుకంటే అందులో విశ్వవిద్యాలయానికీ స్వచ్ఛంద సంస్థకూ సమానమైన పీట వేశారు.

మర్నాడు చిత్తూరు మీదుగా బంగారుపాళెం వైపు వెళ్లాం. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి; అడుగున ఉన్న కాయలు మెత్తబడి రసం కారుతుంటే ఈగలు ముసురుతున్నాయి. కాయ ఆగదు కాబట్టి ఫ్యాక్టరీ చెప్పిందే ధర అవుతుంది. దగ్గరి పల్లెలో పొదుపు సంఘం సమావేశమై ఉంది. లీడరమ్మ తీర్మానాల పుస్తకం తెరిచి హాజరు, పొదుపు, అప్పుల కిస్తీలు వరుసగా చదివింది. సంతకం రానివారి వేలిముద్రలు నీలి సిరాతో పేజీ అంచుదాకా పాకాయి. ధర నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో పటం గీయమని అతిథి ఒకరు కోరగా, ఆమె, “గీస్తాం మేడమ్, అది మాకు తెలిసిందే. అడిగేదానికి పోతే కోత వదులుకొని ఎంతమంది వస్తారో, అదీ మేం చూసుకోవాల్సింది,” అంది.

తిరుగు ప్రయాణంలో చర్చ ఆ మాట చుట్టూనే సాగింది. కోర్సులో విద్యార్థులు ఊళ్లలో చేసే క్షేత్రపనికి మార్కులు వేసే బృందంలో సంఘ నాయకురాలిని కూర్చోబెట్టాలనీ, ఆమె వెచ్చించే సమయానికి పారితోషికం ఇవ్వాలనీ నేను పట్టుబట్టాను. మొదటిదానికి అందరూ ఒప్పుకున్నారు. రెండోది ఏ పద్దు కింద రాయాలో తేలక, ముసాయిదాలో ఆ గడిని ఖాళీగా ఉంచారు.