థోర్‌ని చూద్దామని వెళ్తే నా కాలిగోరు సంగతి బయటపడింది

నిన్న సాయంత్రం నా కాలిగోరు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. బొటనవేలికి ఇంకా కట్టు ఉంది, మడమ మీదే నడుస్తున్నా. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మేముండేది ఆస్ట్రేలియాలోని బాలినాలో. అరగంట వెళ్తే బైరన్ బే. చిన్న ఊరే గానీ హాలీవుడ్ సినిమాల్లో థోర్ వేషం వేసే క్రిస్ హెమ్స్‌వర్త్ ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకని మన చుట్టాలెవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లమంటారు. తెనాలి నుంచి వచ్చిన మా వదినా అంతే. బీచిలో చెప్పులు విప్పేసి రెండు గంటలు కూర్చున్నాం. ఆయన కనిపించలేదు. వదినకి నా కాలు కనిపించింది.

"ఏమే, ఆ గోరు మీద నల్లగీత ఏంటి? నీ పెళ్లికి పారాణి పెట్టింది నేనే, అప్పుడు లేదే!"

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు రంగులో కలిసిపోయి నేను గమనించనే లేదు.

స్కిన్ చెక్‌కి, అంటే చర్మ క్యాన్సర్ పరీక్షకి, అపాయింట్‌మెంటు ఐదు నిమిషాల్లో దొరికింది. అరపూట సెలవు పెట్టి వెళ్లాను. ఆ డాక్టరు నా మొహం, మోచేతులు పైపైన చూసి, "మీ రంగు వాళ్లకి ఈ భయం అక్కర్లేదు" అన్నాడు. గోరు సంగతి చెప్పాను. వంగి చూసి, పక్క వేలికున్న మెట్టె గురించి అడిగాడు, ఎందుకు పెట్టుకుంటారని! పెళ్లి, ఆచారం అని వివరించాను. విని, "బూటు నొక్కుకుని ఉంటుంది" అనేశాడు. లెన్సు బల్ల మీదే ఉంది, ముట్టుకోలేదు. బయట డబ్బు కడుతుంటే రిసెప్షన్‌లో అమ్మాయి నలుగురి ముందూ, "మీవాళ్లు అదృష్టవంతులు, ఇవేవీ రావు" అంది. ఊరికే వచ్చి వాళ్ల టైము తినేసినదానిలా తలదించుకుని బయటికొచ్చాను. కార్లో కూర్చుని ఏడ్చాను.

రావా? జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కిందే మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. అదే 1981లో ఈ దేశంలో చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని 'స్లిప్, స్లొప్, స్లాప్' ప్రచారం మొదలుపెట్టారు. 2013లో నటుడు హ్యూ జాక్‌మన్ చర్మ క్యాన్సర్ తీయించుకుని ముక్కు మీద పట్టీతో పెట్టిన ఫొటో ఇక్కడ అందరికీ గుర్తే. మార్లీ వేలు ఎవరికీ గుర్తులేదు. మనలాంటి చర్మానికి మెలనోమా వస్తే ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కిందే వస్తుంది. దానికి ఎండతో పెద్దగా పనిలేదు, క్రీము రాసినా ఆగదు. మన రంగు వాళ్లకి నాలుగైదు గోళ్ల మీద లేతగా చారలుండటం మామూలే. ఒక్క గోరుకే కొత్తగా గీత వచ్చి, వెడల్పవుతూ, నలుపు పక్క చర్మంలోకి పాకుతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు.

వేరే డాక్టరు దగ్గర సిఫార్సు లెటర్ తీసుకుని చర్మ నిపుణురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదటి మాటే "సాక్సులు విప్పండి". చిన్న ఆకురాయితో గోరింటాకు పొర గీకి, జెల్ రాసి, ఆ ఒక్క వేలినే లెన్సుతో చాలాసేపు చూశారు. తర్వాత మత్తు ఇంజెక్షను. నొప్పంతా దానిదే. గోరు మొదట్లోంచి చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపారు. పది రోజులు నిద్ర లేదు.

వెళ్లేవాళ్లు గోళ్లకి రంగు, గోరింటాకు లేకుండా వెళ్లండి. మెట్టెలు తీసి పర్సులో పెట్టుకోండి. వేళ్ల సందులు, అరికాళ్లు చూసేదాకా కుర్చీలోంచి లేవకండి, డాక్టరు ఎంత విసుక్కున్నా సరే.

నిన్న రాత్రి వీడియో కాల్‌లో వదినకి రిపోర్టు చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుని, తన కాళ్లు కెమెరా ముందు పెట్టి, ఒక్కో వేలూ చూడమంది.