కోనసీమ గాలిలో కేబుల్ గేర్ల నుంచి బ్యాటరీ గేర్లకు: నా అనుభవం

అమలాపురం నుంచి పొద్దున్నే సైకిలు తీస్తే నాకు మూడు దారులు. అంబాజీపేట మీదుగా పి.గన్నవరం అక్విడెక్టు దాకా ఒకటి, ముక్తేశ్వరం రేవుకి ఒకటి, రాజోలు మీదుగా అంతర్వేదికి ఒకటి. వంతెనల ఎక్కుడు తప్ప ఎక్కడా ఎత్తనేది ఉండదు. ఇంత చదును నేల మీద ఇన్ని గేర్లెందుకండీ అని చాలామంది అడుగుతారు. కార్తీకంలో ఈశాన్యపు గాలికి ఎదురు తొక్కినవాళ్లు మాత్రం అడగరు.

నా సైకిలుకి మొన్నమొన్నటిదాకా 11 స్పీడు మెకానికల్ సెట్ (వెనక 11 గేర్లు, కేబుల్‌తో మారేవి) ఉండేది, బ్రేకులు హైడ్రాలిక్ డిస్కులు. అంతర్వేది నుంచి తిరిగొస్తుంటే మలికిపురం దాటాక వెనక గేరు మార్చే కుడిచేతి లివర్ డొల్లగా తిరిగింది. చైను వెనక అన్నింటికన్నా చిన్న చక్రం మీద పడింది, అంటే 11 పళ్లది. కేబుల్ తెగితే, చైనుని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి జరిపే డెరైలర్‌లోని స్ప్రింగు దాన్ని అక్కడికే లాగేస్తుంది. ముందు చిన్న చక్రానికి మార్చినా ఆ గాలికి కాళ్లు పట్టేస్తున్నాయి.

రోడ్డు పక్క తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. సైకిలు తిరగేసి కూర్చుంటే ఒకాయన దగ్గరకొచ్చారు.

"ఏమైందండీ బాబూ?"

"గేరు వైరు తెగిపోయిందండీ. ఇది లోపలికి జరిగి ఆగితే చాలు, ఇంటికెళ్లిపోతాను."

"ఆయ్, ఎక్కడ ఆగాలో చూపించండి. అడ్డం పెట్టేద్దాం."

డెరైలర్‌ని చేత్తో లోపలికి నెట్టి, మధ్య గేరు దగ్గర పట్టుకుని చూపించాను. ఆయన కొబ్బరి మట్ట నుంచి చిటికెన వేలంత ముక్క చెక్కి, డెరైలర్ చేతుల మధ్య సందులో బిగించారు. ఆ ముక్కతోనే, ఒకే గేరు మీద, అమలాపురం చేరాను. దారిలో ఒక్కసారి కూడా జారలేదు. కేబుల్ గేర్లు తొక్కే ప్రతివాళ్లూ ఈ కిటుకు తెలుసుకోవాలి.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. తెగింది లివర్ లోపల. లివర్ మీదున్న రబ్బరు తొడుగు (హుడ్) వెనక్కి తిప్పి, లివర్‌ని చివరి క్లిక్కుదాకా వదిలి, మా బావ ఫోను లైటు పట్టుకుంటే నోస్ ప్లయర్‌తో కేబుల్ తల బయటికి లాగాను. గేరు కేబుల్ మందం 1.2 మిల్లీమీటర్లు, సన్నటి స్టీలు పోగులు పేనింది. తల దగ్గర ఆ పోగులు కుచ్చులా విచ్చుకుని ఉన్నాయి. సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉంటుందని బావ అన్నాడు. కానీ తెగిన కొసలు తళతళలాడుతున్నాయి, ఎక్కడా ఎరుపు లేదు. తుప్పున్నది రెండో చివర, వెనక డెరైలర్ దగ్గర వంపు తిరిగే ఔటర్‌లో, అంటే కేబుల్ మీది తొడుగులో. దాన్ని విదిలిస్తే తుప్పు నీళ్లు కారాయి.

అంటే జబ్బులు రెండు. లివర్ లోపల కేబుల్ చిన్న మలుపు తిరిగి హ్యాండిల్ టేపు కిందికి వెళ్తుంది. గేరు మార్చిన ప్రతిసారీ అదే చోట వంగి వంగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. దానికి ఉప్పుతో పని లేదు, ఎడారిలో తొక్కినా అంతే. ఔటర్‌లోకి దిగిన తడి మాత్రం మన ఊరి జబ్బే. అక్కడ రాపిడి పెరిగితే లివర్‌ని ఇంకా గట్టిగా నెట్టాలి, ఆ భారమంతా పైన ఆ మలుపు మీదే పడుతుంది. పెద్ద చక్రం ఎక్కడానికి చైను తటపటాయించడం, నిన్న సరిచేసిన గేరు ఇవాళ మళ్లీ గరగరలాడటం కేబుల్ తెగబోయే ముందు కనబడే గుర్తులు.

కొత్త కేబుల్ వేశాం. అయినా లివర్ సరిగ్గా పట్టలేదు. తెగిన పోగు ముక్కలు లోపలి పళ్లలోకి పోయాయి. ఎంత గాలి కొట్టినా, ఎంత డీగ్రీజర్ పోసినా రెండు క్లిక్కులకొకటి జారుతూనే ఉంది. కాకినాడలో మెకానిక్‌కి చూపిస్తే, లోపల విడిభాగాలు అమ్మరండీ, లివరే మార్చుకోవాలి అన్నాడు. మెకానికల్ అంటే ఎప్పటికైనా బాగుచేసుకోవచ్చని మనం గట్టిగా నమ్ముతాం. డెరైలర్ విషయంలో అది నిజం. లివర్ విషయంలో కాదు.

కొత్త లివర్లు కొనక తప్పదని తేలాక బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ గేర్ల ఆలోచన వచ్చింది. ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. మావిక్ కంపెనీ 1990ల్లోనే జాప్ అని ఒకటి తెచ్చింది, నిలబడలేదు. 2009లో షిమానో కంపెనీ డ్యూరా-ఏస్ డీఐ2తో (డీఐ2 అంటే వాళ్ల ఎలక్ట్రానిక్ గేర్లు) వ్యవహారం కుదురుకుంది. 2015లో స్రామ్ కంపెనీ ఈటాప్‌తో వైర్లు కూడా పోయాయి. మాలాంటివాళ్లకి అందుబాటులోకి వచ్చింది మాత్రం 2022లో షిమానోలో కింది తరగతి సెట్ అయిన 105కి డీఐ2 వచ్చాకే. మరుసటి ఏడాది అదే 105లో 12 స్పీడు మెకానికల్ కూడా వచ్చింది. షిమానో 12 స్పీడు రోడ్డు సెట్లలో దానికి పైనున్న అల్టెగ్రా, డ్యూరా-ఏస్‌లు ఎలక్ట్రానిక్‌లోనే వస్తాయి.

పాలకొల్లులో డీఐ2 సైకిలున్న రిటైర్డు మాస్టారొకరు మాకు తెలుసు. సైకిలేసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నరసాపురంలో దిగి ఆయన దగ్గరికి వెళ్లాను. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది, వానలో ఏమవుతుంది అని వరసగా అడిగాను. ఆయన సైకిలు స్టాండుకి ఎక్కించి, వెనక డెరైలర్‌లో చైను తిరిగే చిన్న జాకీ చక్రాలు తిప్పారు. "బ్యాటరీ సంగతి తరవాత అడుగుదురుగాని. ముందు వీటి చప్పుడు వినండి. నేను మార్చాల్సి వచ్చినవి ఇవీ, చైనూ, అంతే. మోటారు జోలికి ఇంతవరకూ వెళ్లలేదండీ." ఆ మాటతో నా లెక్క మారింది. ఎలక్ట్రానిక్ కొంటే కేబుల్, ఔటర్ అనే రెండు వస్తువులు సైకిలు మీద నుంచి పోతాయి. చైను, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), జాకీ చక్రాలు, బేరింగులు ఎప్పటిలాగే అరుగుతాయి, డెరైలర్‌ని ఫ్రేముకి బిగించే హ్యాంగర్ ఎప్పటిలాగే వంగుతుంది. నా డబ్బు దేనికి పోతోందో స్పష్టంగా తెలిసింది.

ధరలో తేడా చిన్నది కాదు. కొన్ని నెలలు ఆగి, కూడబెట్టి 105 డీఐ2 తీసుకున్నాను. క్యాసెట్ 12 స్పీడైనా నా పాత చక్రం 11 స్పీడు హబ్ (చక్రం నడిమి భాగం) మీదే కూర్చుంది, చక్రాలు మార్చక్కర్లేకపోయింది. ఈ సెట్ డిస్క్ బ్రేకులకే వస్తుంది. రిమ్ బ్రేకు సైకిలున్నవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి. లివర్లు మారితే బ్రేకు గొట్టాలు విప్పి, కొత్త ఆలివ్ (గొట్టం కొసన బిగించే చిన్న రింగు) వేసి, మినరల్ ఆయిల్ నింపి గాలి తీయాలి. ఆ పని కాకినాడ మెకానిక్‌కే వదిలేశాను. బ్రేకుల దగ్గర ప్రయోగాలు చెయ్యదలచుకోలేదు.

మిగతాది బావా నేనూ చేసుకున్నాం. లివర్ల నుంచి వైరు లేదు, నాణెం బ్యాటరీలతో గాలిలోనే మాట్లాడతాయి. పెద్ద బ్యాటరీ సీటు గొట్టంలో ఉంటుంది, అక్కడి నుంచి రెండు డెరైలర్లకీ చెరో వైరు. ఫ్రేములో ఉన్న పాత కేబుల్ కొసకి కొత్త వైరు టేపుతో అతికించి నెమ్మదిగా లాగితే బయటికొచ్చింది. అందుకే పాత కేబుల్‌ని ముందే పీకెయ్యకూడదు. వైరు కొస పోర్టులో టక్కుమని కూర్చోవాలి. చప్పుడు వినబడిందా అని బావని అడిగి, మళ్లీ మెల్లగా లాగి చూసి, అన్ని గేర్లూ తిరుగుతున్నాయని తేలాకే సీటు పోస్టు బిగించాం. తరవాత ఫోనులో షిమానో వాళ్ల ఈ-ట్యూబ్ యాప్ తెరిచి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి జత కలపడమే. స్క్రూ డ్రైవర్ అక్కర్లేదనుకునేవాళ్లకి ఒక మాట. చైను అటూ ఇటూ పడకుండా ఆపే లిమిట్ స్క్రూలు దీనికీ ఉన్నాయి, చేత్తోనే సరిచెయ్యాలి. హ్యాంగర్ వంకరగా ఉంటే ఏ యాప్ దాన్ని తిన్నగా చెయ్యదు.

ఒక దాళ్వా, ఒక వానాకాలం గడిచాయి. దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. ఒకసారి గడ్డి పోచ జాకీ చక్రంలో చుట్టుకుని చైను బిగుసుకుపోయింది. అంబాజీపేట దగ్గరైతే కొబ్బరి పీచు ఇదే పని చేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే డెరైలర్ విరిగి చువ్వల్లోకి పోతుంది, ఎలక్ట్రానిక్ డెరైలరైతే ఆ నష్టం ఇంకా పెద్దది. దిగి పోచ తీశాను, అంతే. వానల్లో, ఓడలరేవు గాలిలో గేర్లు మొదటిరోజులాగే పడుతున్నాయి. ఛార్జింగ్‌కి కంపెనీ చెప్పే లెక్క సుమారు 1000 కిలోమీటర్లు, నాకు నెలకోసారి పెడితే సరిపోతోంది. మరీ తగ్గిపోతే ముందు డెరైలర్ మొదట ఆగుతుంది, వెనకది కాసేపు పనిచేస్తుంది, ఇంటికి చేరవచ్చు. ఛార్జింగ్ వైరు వేరే రకం, ఊళ్లో దొరకదు కాబట్టి జాగ్రత్తగా దాస్తాను. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ పైపు మాత్రం ఈ సైకిలు మీద పెట్టనివ్వను. బకెట్టు నీళ్లు, గుడ్డ, ఆరాక జాకీ చక్రాల్లో ఒక్కో చుక్క నూనె. చైను సాగుడు 0.5 శాతం దగ్గర మార్చేస్తాను.

ఇప్పుడు బావ కూడా కొత్త సైకిలు కొంటున్నాడు. అతనుండేది రావులపాలెం, సముద్రానికి దూరం, తొక్కేది ఆదివారాలు. అతనికి 12 స్పీడు మెకానికల్ 105 తీసుకోమన్నాను. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, ఒక అదనపు హ్యాంగర్ కొనుక్కోమన్నాను. ఏటా జూన్ వానలు పడకముందు లోపలి కేబుల్, ఔటర్ రెండూ కలిపి మార్చేద్దామని మాట్లాడుకున్నాం. మొదటి జత ఇప్పటికే తెప్పించి మా ఇంట్లో పెట్టాను.