ఒక వాయికి యాభై సబ్బులు

జూలై నెలలో మిట్టమధ్యాహ్నం కొండెక్కమంటే మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. సైప్రస్ ఎండ మన రోహిణి కార్తె ఎండకేం తీసిపోదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్దామంటే యాయా ఒప్పుకోలేదు. ఎండ నడినెత్తికి వస్తేనే ఆకు బంక కారుస్తుందట.

యాయా అంటే గ్రీకులో అమ్మమ్మ, నానమ్మ, ఎవరైనా సరే. ఈవిడకి ఎనభై దాటాయి. 2019లో నేను కోనసీమ నుంచి వచ్చింది ఈవిణ్ణి చూసుకోవడానికే. వంట, మందులు, స్నానం, ఇల్లు తుడవడం. కాగితాల్లో రాసింది అంతే. ఆవిడ కూతురు, అంటే మా మేడమ్, లిమసోల్‌లో ఉంటుంది. యాయా ఊరు అక్కడి నుంచి ట్రూడోస్ కొండల వైపు కారులో ముప్పావుగంట. సబ్బుల సంగతి ఏజెంటూ చెప్పలేదు, మేడమూ చెప్పలేదు. వచ్చిన రెండో వారం వంటింట్లో కాటా, స్టీలు గిన్నెలు, కాస్టిక్ సోడా డబ్బా చూసి బాత్రూములు కడగడానికేమో అనుకున్నాను.

కొండ మీద మోకాలెత్తు పొదలుంటాయి. సిస్టస్ అంటారు, యాయా భాషలో క్సిస్తర్కా. వసంతంలో గులాబీ రంగు పూలు పూస్తాయి. మూటలోంచి తీసిన ఇస్త్రీ చేయని చీరలా రేకులన్నీ ముడతలు పడి ఉంటాయి. పొద్దున విచ్చుకున్నది సాయంత్రానికి రాలిపోతుంది. పూలకి చెప్పుకోదగ్గ వాసనేం లేదు, సరుకంతా ఆకులోనే ఉంది. ఎండాకాలంలో ఆకు మీద జిడ్డులా ఒక బంక ఊరుతుంది. లాడనం అంటారు. వేలితో ముట్టుకుంటే పనసకాయ పాలలా వదలదు. వాసన ఎలా ఉంటుందంటే, సాంబ్రాణి పొగలో బెల్లం పాకం, కొత్త చెప్పుల తోలు కలిపినట్టు. మొదట తల తిరిగింది. తర్వాత అదే అలవాటయ్యింది.

యాయా కెరోబ్ చెట్టు కింద బండ మీద కూర్చుని చేతికర్రతో చూపిస్తుంటే నేను కొట్టేదాన్ని. కర్రకి పాత బెల్టు ముక్కలు వరసగా కట్టి, పొదల మీద అటూ ఇటూ ఈడుస్తారు. బంక తోలుకి అంటుకుంటుంది. ఇంటికొచ్చాక కత్తితో గీకాలి. ఒక మధ్యాహ్నమంతా కష్టపడితే ఉసిరికాయంత ముద్ద వచ్చేది, అందులో సగం మట్టి. క్రీట్ దీవిలో సీసెస్ అనే ఊళ్లో ఇప్పటికీ ఇలాంటి పనిముట్టుతోనే తీస్తారు. అంతకుముందు మేకలే ఆ పని చేసేవి. మేకలు పొదల్లో మేస్తుంటే గడ్డాలకి బంక పట్టేది, సాయంత్రం కాపరులు దువ్వి తీసేవారు. మేక గడ్డం నుంచి లాడనం తీయడం గురించి రెండున్నర వేల ఏళ్ల కిందటే హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడట. యాయాకి హెరొడోటస్ ఎవరో తెలియదు. వాళ్ల నాన్న మేకల్ని దువ్వడం మాత్రం తెలుసు.

1917లో ఫ్రాన్స్‌లో ఫ్రాన్సువా కోటీ అనే ఆయన ఒక సెంటు చేసి దానికి ఈ దీవి పేరే పెట్టాడు. షిప్ర్ అంటే ఫ్రెంచిలో సైప్రసే. ఇప్పుడు సెంట్లలో అదొక జాతి. అందులో అడుగున పట్టి ఉంచే వాసనల్లో ఈ బంకదొకటి. ఈ సంగతి మేడమ్ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది, నేను కాఫీలు అందిస్తూ వింటాను.

ఈ పొద ఇంకో రకంగా కూడా గట్టిది. 2021 జూలై 3న అరాకపాస్ దగ్గర అంటుకున్న మంట కొండలకి కొండల్నే తినేసింది. ఓదు ఊరి దగ్గర నలుగురు ఈజిప్టు కూలీలు తప్పించుకోలేక చనిపోయారు. ఆ రెండు రోజులూ మాకూ పొగ వచ్చింది, మా అమ్మ ఫోన్ మీద ఫోన్. వేడి తగిలితే క్సిస్తర్కా గింజ పెంకు పగులుతుంది, వానలు పడగానే మొలుస్తుంది. ఆ చలికాలం మేడమ్ కారులో అటు వెళ్లినప్పుడు నల్లటి నేల మీద చిన్న చిన్న ఆకులు కనిపించాయి. యాయా కారు ఆపించి, దిగి, శిలువ గుర్తు వేసుకుంది.

కొండ మీద ఇంకా చాలా ఉంటాయి. అడవి సేజ్ ఉంటుంది, దాని ఆకు కుక్క చెవిలా మెత్తగా ఉంటుంది. వేరుతో పీకితే యాయా కర్ర లేస్తుంది. పైన చివుళ్లే తుంచాలి, అదీ ఒక్కో మొక్క నుంచి గుప్పెడు మించకూడదు. మెర్సిన్యా అని ఇంకొకటి, ఇంగ్లీషులో మర్టిల్. దాని ఆకుని వెలుతురుకి ఎత్తి చూస్తే సూదితో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి. నూనె ఉండేది వాటిలోనే. నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే మా పెరట్లో జామాకు గుర్తొచ్చింది. ఊరికే బెంగ వల్ల అనుకున్నాను. తర్వాత తెలిసింది, జామ, నేరేడు, లవంగం అన్నీ ఈ మర్టిల్ కుటుంబమేనని. నా ముక్కు మరీ అంత పిచ్చిదేం కాదు.

సబ్బుకి లెక్క ఇది. నాలుగు కిలోల ఆలివ్ నూనె, 510 గ్రాముల కాస్టిక్ సోడా, కిలోంబావు నీళ్లు. నూనెలో సేజ్, మర్టిల్ ఆకులు ముందే నెలరోజులు నానేసి వడగడతాం. సోడాని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి. మొదటిసారి నేను సోడా మీద నీళ్లు పోశాను. రాతి సున్నం మీద నీళ్లు పోసినట్టు బుస్సుమని పైకి లేచింది, మణికట్టు మీద చింది పడింది. యాయా కర్ర వదిలేసి వచ్చి నా చెయ్యి కుళాయి కింద అరగంట పట్టుకుని నిలబడింది. ఆ మచ్చ ఇంకా ఉంది. నూనె, సోడా నీళ్లు కలిసి గరిటె జాడ పైన నిలిచేదాకా చిక్కబడ్డాక అచ్చుల్లో పోస్తాం. మర్నాడు కోసి అరల మీద ఆరబెడితే నెలన్నరకి వాడకానికొస్తుంది. ఆకుపచ్చగా ఉంటుందని ఆశపడకూడదు. సోడా తగలగానే ఆకు రంగంతా గోధుమ రంగులోకి దిగిపోతుంది.

సబ్బులతో పాటు చేసే కొవ్వొత్తుల దగ్గర తల్లీకూతుళ్లకి రోజూ గొడవే. ఫొటోలో బాగుంటుందని మేడమ్ తేనెమైనంలో ఎండు రోజ్‌మేరీ కొమ్మలు గుచ్చుతుంది. మంట కిందికి దిగేసరికి ఆ కొమ్మ ఇంకో వత్తిలా అంటుకుంటుంది. "ఇల్లు తగలేస్తావా" అని యాయా అరుస్తుంది. ఈ విషయంలో నేను యాయా పక్షం. తేనెమైనానికి తన వాసన తనకి చాలు, లాడనం లాంటి మొండిదైతేనే దాని మీద నిలుస్తుంది.

కోవిడ్ ఏడాది నాకు మూడు రోజులు జ్వరం తగ్గలేదు. యాయా చిన్న మట్టి ధూపపాత్రలో బొగ్గు వేసి, గుళ్లో దీవెన చేయించిన ఎండు ఆలివ్ ఆకులు చల్లి, ఆ పొగ నా చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఆకు చిటపటలాడితే దిష్టి తగిలినట్టట. చిటపటలాడింది. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఉప్పూ మిరపకాయలూ లేవా వాళ్లకి" అంది.

సబ్బు ఒక్కోటి ఆరు యూరోలకి అమ్ముతారు. నాలుగు కిలోల వాయికి యాభై వస్తాయి. నేను వచ్చినప్పుడు నా చేతికొచ్చే నెల జీతం 309 యూరోలు. అంటే ఒక వాయికి అటూ ఇటుగా నా నెల. ఈ లెక్క ఎప్పుడో రాత్రి నిద్ర పట్టక వేసుకున్నాను. నా వీసా ఇంటిపనికి. అమ్మకానికి సబ్బులు చేయడం ఇంటిపనా కాదా అని మేడమ్‌ని ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

కిందటేడు కొత్త లేబుళ్లొచ్చాయి. ఇంగ్లీషులో, "మా అమ్మమ్మ స్వయంగా చేత్తో చేసినవి" అని. అతికించేదాన్నీ నేనే. ఏం రాసుందో చదవమని యాయా అడిగింది. చదివి గ్రీకులో చెప్పాను. ఆవిడ వణికే తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుని, "వీటితోనా?" అంది. తర్వాత ఇద్దరం మిగతా లేబుళ్లు అతికించాం.

ఈసారి సెలవుకి వెళ్లినప్పుడు ఆరు సబ్బులు తీసుకెళ్లాను. అక్కడికే సామాను బరువు మించి అరకిలో బరువున్న పసుపు రంగు స్వెట్టర్ ఎయిర్‌పోర్టులో తీసేశాను. అమ్మ ఒకటి రుద్దుకుని చూసి, "దీనికి నురగ రాదేంటే? కుంకుడుకాయే నయం" అంది. ఒట్టి ఆలివ్ నూనె సబ్బు అంతే, జిగటగా ఉంటుంది కానీ నురగ రాదు. ఎంత చెప్పినా వినలేదు. నేను తిరిగొచ్చాక ఫోన్‌లో తెలిసింది, దూడకి పేలు పడితే అందులో ఒక సబ్బు పెట్టి రుద్ది కడిగిందట.

మేడమ్‌కి చెప్పలేదు. యాయాకి చెబితే నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. నీళ్లు తాగి తేరుకున్నాక, పేలు పోయాయా అని అడిగింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు అమ్మని కనుక్కోవాలి.