నూనె సీసా మూత తియ్యని ఆదివారం

పొద్దున గదిలో తేమ 27 శాతం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో జనవరి అంటే అంతే. హీటరు ఆగకుండా తిరుగుతుంది, గాలిలో తడి మొత్తం ఎగిరిపోతుంది. ఇలాంటి గాలిలో 1942 నాటి గుర్రపు తోలు జాకెట్‌ని పెట్టెలోంచి తీసి చేతులు మడిచామంటే మోచేతుల దగ్గర బీటలు కొనితెచ్చుకున్నట్టే. హ్యుమిడిఫయర్ పెట్టి, తేమ 45 దాటాక, ఇంకో పూట ఆగాకే ఏ-2, అంటే అమెరికా సైన్యపు వైమానిక దళం పైలట్ల జాకెట్, బల్లమీదికి వచ్చింది. తోలు తేమ పీల్చుకోవడంలో మహా నిదానం, మన తొందర దానికి పట్టదు. విశాఖలో ఉండేవాళ్ళకి గొడవ దీనికి తలకిందులు: 65 శాతం దాటి కొన్నాళ్ళుంటే బూజు పట్టేస్తుంది.

ఈ జాకెట్ స్పెసిఫికేషన్ చూసుకున్నది ఈ ఊరి రైట్ ఫీల్డ్ అనే సైనిక వైమానిక కేంద్రమే. దీనికి ముందొచ్చిన 1927 నాటి ఏ-1కి బొత్తాలు, అల్లిక కాలరు. 1931 మే 9న ఆమోదం పొందిన ఏ-2కి జిప్పు, తోలు కాలరు వచ్చాయి. వీపు మొత్తం ఒకే ముక్క. మచ్చ, గీత లేని అంత పెద్ద తోలు దొరకడం కష్టం కాబట్టి దాన్ని చూడగానే ముచ్చటేస్తుంది. జేబులు రెండే, పైనుంచి ఫ్లాపు, పక్కనుంచి చేతులు దూర్చే దారి లేదు. సైనికుడు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడకూడదనే అలా చేశారంటారు. 1943లో కొత్త ఆర్డర్లు ఆగిపోయి గుడ్డ జాకెట్ల కాలం వచ్చింది.

ముందు లేబులు చూశాను, కుట్టిన కంపెనీ రఫ్ వేర్ క్లోతింగ్, మిడిల్‌టౌన్, పెన్సిల్వేనియా, డ్రాయింగ్ నంబరు 30-1415. లేబుల్ ఒక్కటీ చూసి నమ్మకూడదు, విడిగా కొత్త లేబుళ్ళు కుట్టించుకునేవాళ్ళున్నారు. గది చీకటి చేసి 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే సంగతి సగం తెలుస్తుంది. యుద్ధం తర్వాతి దారాల్లో ఉండే తెల్లదనపు రసాయనాలు నీలంగా వెలుగుతాయి, పాత నూలు దారం మసకగానే ఉంటుంది. అయితే ఎవరో మధ్యలో డిటర్జెంటుతో ఉతికేసినా లైనింగు వెలుగుతుంది. అందుకని లేబుల్ కుట్టిన దారాన్నీ, చంక లోపలి దారాన్నీ పక్కపక్కన పోల్చాలి.

దుమ్ముకి మెత్తని బ్రష్షు, వాక్యూమ్ గొట్టానికి దోమతెర గుడ్డ. మురికి మొండిగా ఉన్న కాలరు మడతలో మాత్రం, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి గట్టిగా పిండేసిన తెల్ల నూలుగుడ్డ. అదీ ముందు జేబు ఫ్లాపు వెనకాల అద్ది, గుడ్డకి రంగు అంటలేదని చూసుకున్నాకే. అక్కడితో ఆపాలి. చాలామంది ఆపరు, నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ ఎముకలనుంచి తీసే నూనె) సీసా తీస్తారు. పాత తోలు 'ఆకలిగా' ఉందన్న భ్రమ అది. నూనె రాసిన రోజు నిగనిగలాడుతుంది. తర్వాత నూనె ఆక్సిజన్‌తో కలిసి జిగటబారి దుమ్ముని పట్టుకుంటుంది, తోలు నల్లబడుతుంది, కుట్ల దారం నాని బలం పోగొట్టుకుంటుంది. ఎడమ భుజం మీద అచ్చు అంటించిన ఎయిర్ ఫోర్స్ గుర్తు, డెకాల్, పొరలుగా లేచిపోతుంది. వీపు మీద ఆనాటి సైనికుడు వేయించుకున్న బొమ్మ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గుర్రపు జీనులు తోమే శాడిల్ సబ్బూ వద్దు, అది క్షారం.

చేతికి ఎర్రటి పొడి అంటితే అది వేరే జబ్బు. చెట్టుబెరడు రసాలతో పదునుచేసిన తోలు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటే లోపల ఆమ్లం తయారై నారలు తెగిపోతాయి. వెనక్కి మళ్ళేది కాదు. ఆల్కహాల్‌లో 1–2 శాతం క్లూసెల్ జి (సెల్యులోజ్‌తో చేసిన జిగురు పొడి) కలిపి పూస్తే పొడి రాలడం తగ్గుతుంది, తోలుకి బలం మాత్రం రాదు. వీపు బొమ్మ ఉన్నచోట అదీ వద్దు, ఆల్కహాల్ రంగుని కరిగిస్తుంది.

ఇవాళ ఎక్కువసేపు పట్టింది జిప్పుకే. టాలన్ కంపెనీ జిప్పు, పళ్ళన్నీ ఉన్నాయి, కింద పిన్ను దగ్గర టేపు చిరుగుతోంది. ఈ జిప్పులు పాడయ్యేది ఎక్కువగా అక్కడే: పిన్ను పెట్టెలోకి అడుగంటా దిగకుండానే స్లైడర్ లాగుతారు, బరువంతా అంగుళం గుడ్డమీద పడుతుంది. పళ్ళకి పెన్సిల్ గ్రాఫైట్ రుద్ది, స్లైడర్ నాలుగుసార్లు ఆడిస్తే సరిపోయింది. చిరుగు వెనక సన్నని నూలు టేపు పెట్టి చేతికుట్టు వేశాను, సూది పాత కన్నాల్లోంచే. జిప్పు మార్చాల్సి వచ్చినా పద్ధతి ఇదే. దర్జీ మిషను కింద పెడితే పాత కన్నాల పక్కనే కొత్త కన్నాలు పడతాయి, అంచు తపాలా బిళ్ళల షీటులా చిరుగుతుంది. తోలుకి పడిన కన్నం పూడదు.

మణికట్టు ఉన్ని అల్లికలో చిన్న చిన్న చిల్లులు కనిపించాయి. పురుగు పనే. జాకెట్‌ని గాలి చొరబడని పాలిథిన్ సంచిలో మూసి −20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం, మామూలు −18 అయితే రెండు వారాలు ఉంచాలి. తీశాక సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక రోజంతా, మూసే ఉంచితే చెమ్మ సంచి పైన పడుతుంది, తోలు మీద కాదు. అల్లిక మార్చడం గురించి ఇప్పుడే ఆలోచించను. ఒరిజినల్ అల్లిక చిల్లులతోనైనా కొత్తదానికన్నా విలువైనది. వేసుకుని తిరగాలంటే పాత నమూనాలో కొత్త జాకెట్లు కుట్టే జపాన్ బజ్ రిక్సన్స్ లాంటివాళ్ళది కొనుక్కోవడమే న్యాయం అని నా అభిప్రాయం. ఎనభై ఏళ్ళు దాటిన చంక కుట్టు స్టీరింగ్ తిప్పడానికి పనికిరాదు.

చేతుల్లో ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టలు దూర్చి, ఏ-2ని బోర్లా పడుకోబెట్టాను. గొర్రె బొచ్చు బీ-3 (చలికి వేసుకునే మందపాటి పైలట్ జాకెట్) పని వచ్చే వారానికి. దాని బరువంతా పలచటి గొర్రె తోలు భుజాలమీదే పడుతుంది. ఎవరింట్లోనైనా హ్యాంగరుకి వేలాడుతుంటే ఇవాళే దింపేయండి, అది చిరిగేది భుజం కుట్టు దగ్గర, కాగితంలా.