పన్నెండు వేల కోసం ఒక కిటికీ ముందు నెల రోజులు

నిన్న సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది. కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ 12,000 పడ్డాయి. వేడి మీదే రాసేస్తున్నా.

మాది చీమకుర్తి. నాన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. ఇంటర్ ఎంపీసీలో నాకు 1000కి 968. మ్యాథ్స్ 1ఏలో 75కి 75. (చెప్పుకోకుండా ఉండలేను.) ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) మాత్రం బోర్లా పడింది. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండబట్టి ఏదో గట్టెక్కాను. "ఇంటర్ మార్కులు ఎవడిక్కావాలి, ర్యాంకు చెప్పు" అన్న బాబాయిలు, మామయ్యలు ఊరంతా ఉన్నారు.

ఆ మార్కులే పనికొచ్చాయి. ఇంటర్ బోర్డులో పాసైనవాళ్లలో పై 20 శాతంలో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటకపోతే కేంద్రం స్కాలర్‌షిప్‌కి అప్లై చేయొచ్చు. బీటెక్‌కి మొదటి మూడేళ్లు ఏటా 12,000, నాలుగో ఏడు 20,000. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ (అందరూ విద్యా దీవెన అనేది) తీసుకునేవాళ్లకి ఇది రాదు. నాన్న ఆదాయం రెండున్నర లక్షలు దాటడంతో మాకు ఆ రీయింబర్స్‌మెంట్ ఎలాగూ లేదు.

ఆదాయం సర్టిఫికెట్ సచివాలయంలో ఇబ్బంది లేకుండా వచ్చింది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఫోన్‌తో ముఖం చూపించి ఓటీఆర్ (ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్) చేసుకోవడం అరగంట పని. అప్లికేషన్ కాలేజీ వెరిఫికేషన్‌కి వెళ్లింది. అక్కడ మొదలైంది.

మా కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ అంటే ఒక కిటికీ, దాని వెనక ఒక సారు. మొదటిసారి వెళ్తే "అందరికీ విద్యా దీవెనే కదమ్మా, ఇదేంది కొత్తగా?" అన్నారు. రెండోసారి సర్వర్ లేదు. మూడోసారి నా వెనక సీనియర్ అబ్బాయిలు పదిమంది ఉండగా గట్టిగా, "మీ నాన్నకు మూడు లక్షలపైన వస్తుంటే ఈ పన్నెండు వేలకి ఇట్టా తిరగటం దేనికి?" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. బస్సెక్కి కూర్చున్నాక, ఫ్యాక్టరీ దుమ్ముకి దగ్గే నాన్న గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆయన జీతంలో ఆ సారు సొమ్మేం లేదే!

నాకెవరూ చెప్పలేదు. గడువుకి రెండ్రోజుల ముందు ఊరికే పోర్టల్ తెరిస్తే స్టేటస్‌లో 'డిఫెక్ట్' అని ఉంది. ఆధార్‌లో నా ఇంటిపేరు చివర, ఇంటర్ మెమోలో ముందు. అదీ లోపం! మన జిల్లాలో సగం మంది ఆధార్లు ఇట్లాగే ఉంటాయి. పరుగున వెళ్తే "ఆధార్ మార్పించుకో" అన్నారు. రెండ్రోజుల్లో అవుతుందా అది? పైగా ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు.

నాన్న సెలవు పెట్టి వచ్చారు. కిటికీ దగ్గరికి పోకుండా నేరుగా ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్లారు. రెండు పేర్లూ ఒకే అమ్మాయివని మేడం బోనఫైడ్ సర్టిఫికెట్ మీద రాసి సంతకం పెట్టారు. నిమిషం పట్టిందేమో. అది అప్‌లోడ్ చేసి మళ్లీ పంపితే అదే సారు సాయంత్రానికి ఓకే చేశారు, తలెత్తకుండా.

మీరు అప్లై చేస్తే స్టేటస్ రోజూ చూసుకోండి, ఎవరో చెప్తారని కూర్చోవద్దు. బ్యాంకు ఖాతాకి ఆధార్ సీడింగ్ (డబ్బు పడటానికి చేసే లింకు) ఉందో లేదో ముందే కనుక్కోండి. నా ఆధార్ స్కూల్లో తీసిన పాత ఖాతాకి లింకై ఉండి, డబ్బు అందులో పడింది. ఇంకా నయం, మూసేయలేదు.

రెన్యువల్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. అవి సమస్య కాదు. ఇంకో మూడుసార్లు ఆ కిటికీ దగ్గరికే పోవాలి. బోనఫైడ్ జిరాక్సులు పది తీసి పెట్టుకున్నాను.