మా మామిడి చెట్టు ఎవరి నీళ్ళు తాగి పెరిగిందో ఆలస్యంగా తెలిసింది

బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా ఇంటి వెనక ఒక బంగినపల్లి మామిడి చెట్టు ఉంది. 1993లో మా మామయ్య మదనపల్లె నుంచి అంటుమొక్క తెచ్చి నాటారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ చెట్టుకు మేమెప్పుడూ పనిగట్టుకుని నీళ్ళు పోయలేదు. పెద్ద చెట్టు కదా, వేర్లు ఎక్కడో లోతున ఉంటాయి, దాని తిండి అదే చూసుకుంటుంది అనుకునేవాళ్ళం. అందుకే 2024 మార్చిలో ఆకులు రాలుతుంటే మొదట పట్టించుకోలేదు.

ఆ ఎండాకాలం బెంగళూరులో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ముందు ఏడాది వానలు సరిగా పడలేదు. ఫిబ్రవరిలోనే మా బోరు ఎండిపోయింది. తాగునీళ్ళు మొక్కలకు పోస్తే, కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని నీటి బోర్డు చెప్పింది. ట్యాంకర్లకు ప్రభుత్వం రేటు కట్టింది గానీ మా వీధికి వచ్చే అతను ఆ రేటుకు రానన్నాడు. ఇంట్లో స్నానానికే లెక్క పెట్టుకుంటున్న రోజులవి. ఇక చెట్టు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

పిందెలు గోలీకాయంత కాకముందే రాలిపోయాయి. ఆకులు అంచుల నుంచి మాడుతూ వచ్చాయి. చెట్టు మొదట్లో సన్నటి రంపపు పొట్టు కనిపించింది. పక్కింటివాళ్ళు, "ఇంటి మీద పడకముందే కొట్టించేయండి" అన్నారు. అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. వెనక గుమ్మంలో కూర్చుని చెట్టు వైపే చూస్తూ ఉండేవారు. నాకు టెన్షన్ మొదలైంది అప్పుడే.

మా వీధిలో తోటపని చేసే పెద్దాయన ఒకరున్నారు, చింతామణి వైపు మనిషి. ఆయన్ని పిలిచాను. నాలుగు వైపులా ఒక్కో చిన్న కొమ్మను గోరుతో గీకి చూశారు. మూడు వైపుల లోపల పచ్చగా ఉంది. పడమటి వైపు మాత్రం గోధుమ రంగు. "చావలేదమ్మా, దప్పిగ్గా ఉంది" అన్నారు. తర్వాత చుట్టూ చూసి, "ఈడ ముందు అంట్లు తోమే బండ ఉండె కదా, ఏమాయె?" అని అడిగారు.

2022లో ఇల్లు బాగు చేయించినప్పుడు ఆ బండ తీసేశాం. పెరడంతా సిమెంటు పోసి టైల్స్ వేయించాం. వంటింటి నీళ్ళు, బట్టల నీళ్ళు అన్నీ డ్రైనేజీకి కలిపేశాం. అంటే దాదాపు ముప్పై ఏళ్ళు అత్తయ్య పారబోసిన నీళ్ళతోనే ఆ చెట్టు బతికింది. శుభ్రంగా ఉంటుందని మేమే ఆ దారి మూసేశాం. వాన నీళ్ళు దిగే దారి కూడా మూశాం. కరువు వచ్చింది రెండేళ్ళ తర్వాతే.

ముందు టైల్స్ పగలగొట్టించాం. మేస్త్రీ మెషీన్ తెస్తానన్నాడు, పెద్దాయన ఒప్పుకోలేదు. నీళ్ళు పీల్చే సన్నవేర్లు చాలావరకు పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయట, మెషీన్ పెడితే అవన్నీ తెగిపోతాయి. అందుకని ఉలి, సుత్తితో రెండు రోజులు పట్టింది. కింద మట్టి బూడిదలా ఉంది. నేను కాండం చుట్టూ పాదు తీయబోతే ఆపారు. మొదట్లో నీళ్ళు నిలిస్తే బెరడు కుళ్ళుతుందని, కొమ్మల నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆ అంచున పోయాలని చెప్పారు. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది పూర్తిగా తప్పు.

నీళ్ళు ఎక్కడివి? బియ్యం, కూరగాయలు కడిగినవి, ఏసీ నుంచి కారేవి, బట్టలు చివరిసారి జాడించినవి. సబ్బు నురగ ఉన్న నీళ్ళు, ఫిల్టర్ వదిలేసే నీళ్ళు పోయలేదు. మా వైపు నీళ్ళే ఉప్పు, ఫిల్టర్ వదిలే దాంట్లో ఆ ఉప్పు ఇంకా ఎక్కువ. ఆరు పాత ఇరవై లీటర్ల క్యాన్లకు అడుగున మేకుతో చిన్న బెజ్జం పెట్టి, నింపి, రాత్రిపూట నీడ అంచున ఉంచేదాన్ని. తెల్లారేసరికి మెల్లగా ఇంకిపోయేవి. ఐదారు రోజులకొకసారి, ప్రతిసారీ చోటు మార్చి. రోజూ పైపైన చల్లితే తడి లోపలికి దిగదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూసేదాన్ని. జానెడు సులువుగా దిగితే తడి ఉన్నట్టు. పైన రాలిన ఆకులే నాలుగు వేళ్ళ మందం పరిచాం, కాండానికి తగలకుండా.

చెట్టు మొదట్లో రంపపు పొట్టు రాల్చింది కాండం తొలిచే పురుగే. దాని పని పెద్దాయనే చూశారు. సైకిల్ చువ్వతో రంధ్రాల్లోంచి నాలుగు లావు పురుగులు లాగి, కిరోసిన్‌లో ముంచిన దూది కుక్కి, బంకమట్టితో మూశారు. ఆకు రాలి ఎండ నేరుగా తగులుతున్న బెరడుకు సున్నం పూశాం. యూరియా వేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. దప్పికగా ఉన్న చెట్టుకు ఎరువు వేస్తే వేర్లు మాడతాయని వేయలేదు. ఎండు కొమ్మలు కూడా వానలు పడేదాకా ముట్టుకోలేదు.

ఏప్రిల్ అంతా చినుకు లేదు. నెలాఖరుకు ఎండ 38 డిగ్రీలు దాటింది. ఎంత చేసినా ఆకులు రాలుతూనే ఉంటే, క్యాన్లు మోస్తూ రెండు సార్లు ఏడ్చాను. మే మొదట్లో వాన పడింది. రెండు వారాల తర్వాత తూర్పు కొమ్మ చివర రాగి రంగు చిగురు కనిపించింది. అత్తయ్యను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను.

పడమటి కొమ్మ బతకలేదు. ఆ వైపు వేర్లు రోడ్డు కింద ఉన్నాయి, అక్కడికి మా నీళ్ళు అందలేదు. జూలైలో కోయించాం. 2025లో పూత పలచగా వచ్చింది, కాయలు కొన్నే. మళ్ళీ టైల్స్ వేయలేదు. డాబా మీది వాన గొట్టాన్ని మట్టి వైపు తిప్పించాం. ఇప్పుడు ఆకు వాడేదాకా ఆగకుండా, ఫిబ్రవరిలోనే క్యాన్లు బయటికి తీస్తున్నాను.