ఇరవయ్యా, అరవయ్యా?

మా మామకు కర్నూల్లో ఉల్లిగడ్డల మండీ ఉంది. పోయినేడు వానాకాలంలో కోడుమూరు వైపు ఒక రైతుకు ఫోన్ చేసి ఇరవై బస్తాలు పంపమన్నాడు. సాయంత్రానికి అరవై దిగినాయి. అక్కడ వాన, ఇక్కడ మార్కెట్ గోల, మధ్యలో తెగుతూ తెగుతూ ఉన్న సిగ్నల్. ఇరవైలో 'ఇ' ఎటు పోయిందో పోయింది, 'రవై' ఒక్కటే అవతలికి చేరింది, ముందు అక్షరం ఏమై ఉంటుందో వినే ఆయన చెవి తనకు నచ్చింది తగిలించుకుంది. మన ఖరీఫ్ ఉల్లి నాసిక్ ఎండాకాలం ఉల్లి లాగా నెలల తరబడి ఆగే రకం కాదు, మిగిలిన నలభై బస్తాల్లో సగం వరండాలోనే మొలకలొచ్చినాయి. అత్త వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఈ గొడవ విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, ఎందుకంటే అట్లాంటి పనే నేనూ చేసినా, అదీ రేడియోలో.

రెండేళ్ల కింద పరీక్ష రాసి హ్యామ్ రేడియో, అంటే సరదా కోసం సొంత సెట్‌తో దూరం వాళ్లతో మాట్లాడే రేడియో, దాని లైసెన్స్ తెచ్చుకున్నా. రేడియోలో నా పేరుగా ఇచ్చిన, వీయూ3 తో మొదలయ్యే కాల్‌సైన్. చేతిలో పట్టే చిన్న సెట్ కొని, ఒక ఆదివారం పొద్దున్నే జగన్నాథగట్టు ఎక్కి, గుండె దడదడలాడుతుంటే బటన్ నొక్కి పిలిచినా. ఎవరో పెద్దాయన పలికినాడు. నా కాల్‌సైన్ చివర ఒక ఎన్ ఉంది, అది ఆయనకు ఎమ్ లాగా వినిపిస్తోంది. మూడుసార్లు అడిగినాడు. ఆ టెన్షన్‌లో అక్షరానికొకటిగా నేర్చుకున్న పదాలన్నీ మర్చిపోయి "ఎన్ ఫర్ నంద్యాల సార్, నంద్యాల" అని అరిచినా. "ఓకే ఓకే, నంద్యాల" అన్నాడాయన సంతోషంగా. తర్వాత తెలిసిందేమంటే కాల్‌సైన్‌లో ఎమ్ అట్లనే ఉంచి, నేను మాట్లాడే ఊరు నంద్యాల అని రాసుకున్నాడంట!

తప్పు ఆయనది కాదు. నంద్యాల అనేది అక్షరం కోసం చెప్పిన పదమో, చెప్పదలచుకున్న విషయమో ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

ఏ, బీ, సీలకు బదులు అల్ఫా, బ్రావో, చార్లీ అని సినిమాల్లో మిలిటరీ వాళ్లు అంటుంటే స్టైల్ కోసం అనుకునేవాణ్ని. ఆ రోజు తర్వాతే దాని వెనక ఎంత తన్నులాట ఉందో చదివినా. ఇంగ్లీష్ అక్షరాల పేర్లే పెద్ద తలనొప్పి: బీ, సీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అన్నీ 'ఈ' తోనే ముగుస్తాయి, తేడా అంతా మొదట్లో రెప్పపాటు సేపు వచ్చే చప్పుడులోనే. సరిగ్గా ఆ రెప్పపాటులోనే బరబర వస్తుంది. (మనం జడ్ అంటాం కాబట్టి అదొక్కటి తప్పించుకుంది, అమెరికా వాళ్లకు అదీ లేదు.) ఎఫ్, ఎస్ సంగతి ఇంకోరకం. మామూలు ఫోన్ లైన్లో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే గొంతు పోతుంది, 'స్' అనే బుసలో ఎక్కువ భాగం దానికి పైనే ఉంటుంది, కాబట్టి అది దారిలోనే రాలిపోతుంది. మన అక్షరమాల మాత్రం ఏం తక్కువ, క, గ, చ, జ, ట, డ అన్నీ 'అ' తోనే కదా.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ సైన్యాలు వాడిన జాబితా ఏబుల్, బేకర్, చార్లీ, డాగ్ అని పోతుంది. అందులో ఆర్ అంటే రోజర్. సందేశం అందింది అనే ఇంగ్లీష్ మాట 'రిసీవ్డ్'కు మొదటి అక్షరం ఆర్ కాబట్టి 'రోజర్' అంటే అందింది అని. ఇప్పుడు ఆర్‌కు రోమియో వచ్చినా రోజర్ మాత్రం పోలేదు. ఆ పదాలు ఇంగ్లీష్ వాళ్లకే నోరు తిరిగేవి. విమానాలు అన్ని దేశాలకూ తిరగడం మొదలయ్యాక ఇంగ్లీష్, ఫ్రెంచ్, స్పానిష్ మాట్లాడేవాళ్లకు ముగ్గురికీ కుదిరేవి కావాల్సి వచ్చి, 1951లో కొత్త జాబితా వాడుకలోకి తెచ్చినారు. అందులో ఎన్‌కు నెక్టార్, ఎక్స్‌కు ఎక్స్‌ట్రా. పైలట్లు వాడి చూస్తే నెక్టార్ విక్టర్ లాగా, ఎక్స్‌ట్రా డెల్టా లాగా వినిపిస్తోందని గోల. అన్నీ సరిచేసి 1956లో ఇప్పుడున్నది ఖాయం చేసినారు. అట్లా నా ఎన్ నవంబర్ అయింది. కొండెక్కిన రోజు ఆ ఒక్క పదం గుర్తొచ్చి ఉంటే సరిపోయేది.

నవంబర్ ఏమంత గొప్ప పదమని కాదు. నాకైతే నంద్యాలే బాగుంటుంది. కానీ వినేవాడికి ముందే తెలిసిన ఇరవయ్యారు పదాల్లో అది ఒకటి, 'వంబర్' అని సగమే వినబడినా మిగతా సగం తనే పూర్తి చేసుకుంటాడు, నంద్యాల లాగా ఊరేమో అని అనుమానపడడు. మామ మాట విన్న రైతు చెవి చేసింది కూడా అదే పని. కాకపోతే అక్కడ 'రవై'కి అతుక్కునేవి రెండున్నాయి.

ఇంత తెలుసుకున్నాక మామకు నేర్పకుండా ఉంటానా? లారీ నంబర్ చెప్పేటప్పుడు టీ డబ్ల్యూ అనకుండా టాంగో విస్కీ అనమన్నా.

"పొద్దున్నే మండీలో కూర్చుని విస్కీ అంటే హమాలీలు ఏమనుకుంటార్రా అబ్బీ?"

"అది అక్షరం మామా."

"నీకు అక్షరం. వాళ్లకు క్వార్టర్."

ఆయన చెప్పిందీ నిజమే, అవతల డ్రైవర్‌కు ఆ జాబితా తెలియనప్పుడు టాంగో కంటే 'టీ అంటే టమాటా' నయం. అందుకే అక్షరాలు వదిలేసి అంకెల మీద పడినా. విమానాల వాళ్లు అంకెల్ని ఒక్కొక్కటిగా విడదీసి చదువుతారు, తొమ్మిదిని నైనర్ అంటారు ఫైవ్‌తో కలవకుండా, మూడును 'ట్రీ' అంటారు 'థ్' పలకలేని వాళ్లున్నారని. మన తెలుగులో ఇరవై-అరవై ఒక్కటే కాదు, గోలలో మూడు-ఏడు కూడా అంతే, రెండింటి చివరా 'డు'. ఏడును ఏం చేయాలో నాకు తోచలేదు, ఇరవై అరవైలకు మాత్రం రెండు సున్నా, ఆరు సున్నా అని విడివిడిగా చెప్పి, అవతలి మనిషితో తిరిగి చెప్పించుకోమన్నా. మామ ఒప్పుకున్నాడు. మండీ పని హ్యామ్ సెట్ మీద పెట్టుకుందామా అని కూడా అడిగినాడు, దాని మీద వ్యాపారం మాట్లాడితే లైసెన్స్ పోతుందని చెప్పి తప్పించుకున్నా.

మొన్న నేను పక్కనుండగానే అదే రైతుకు ఫోన్ చేసినాడు. "ఆరు సున్నా బస్తాలప్పా, ఆరు... సున్నా. ఏదీ, నువ్వొకసారి చెప్పు."

స్పీకర్‌లోంచి ఆయన గొంతు: "అర్థమైందిలే రెడ్డీ, 'రవయ్యే గదా!"